గంగమ్మకి ఇచ్చిన ఇల్లు

నా పేరుతో పేపర్లో అచ్చయిన వార్త జీవితం మొత్తంలో ఒక్కటే. పదకొండు అంగుళాల వార్త, ఫొటోతో సహా. మా నాన్న దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో వేలాడదీశారు. రెండు నెలల తర్వాత నేనే దాన్ని పీకి అటక మీద పడేశాను. ఎందుకు తీశావని నాన్న అడిగితే చెప్పలేదు, అమ్మ అడిగితే కసిరాను. ఇన్నేళ్ళయినా ఆ వార్త మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరెవరి మీద మంటో వరసగా చెప్తాను. ఆ వరసలో నన్ను కూడా వదిలిపెట్టను.

అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా గ్రూపులో జర్నలిజం కూడా ఒక సబ్జెక్టు. అది చెప్పే మురళీకృష్ణ గారికి ప్రభుత్వం, పత్రికలు అంటే మహా మోజు. పుస్తకంలో చదివితే చాలదు, కళ్ళతో చూడాలని మా ఇరవై నలుగురికీ స్టడీ టూర్ పెట్టారు. జనవరిలో రెండు రోజులు: ఒక రోజు ఉప్పాడ వైపు సముద్రపు ఒడ్డు, రెండో రోజు కాకినాడలో ఒక పత్రిక జిల్లా ఆఫీసు. మళ్ళీ మార్చిలో ఒక రోజు: మండల ఆఫీసు, అక్కడ ఇళ్ళ స్థలాల పట్టాలు పంచే సభ. సమస్య ఎక్కడ పుడుతుందో, వార్త ఎలా అవుతుందో, దానికి ప్రభుత్వం ఏం చేస్తుందో మొత్తం చూసేస్తామన్నమాట. వినడానికి ఎంత బాగుందో చూడండి.

బస్సులో దారిపొడుగునా ఆయనది ఒకటే పాఠం. "మీ తెలివితేటలు ఎవరికీ అక్కర్లేదమ్మా. ఎదుటి మనిషి అన్నది అన్నట్టు రాయండి. అక్షరం మార్చకండి. అలా రాసినవాడే జర్నలిస్టు." మేము బుద్ధిగా ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాం.

ఉప్పాడ దాటాక సముద్రం పక్కనే ఒక పేట. దాని పేరు రాయను. రాస్తే అక్కడి ఆఫీసు పేరు రాసినట్టే, ఆ ఆఫీసులో అప్పటివాళ్ళు ఇప్పుడు పెద్ద కుర్చీల్లో ఉన్నారు. పేటలో సగం వీధి ఉంది, సగం లేదు. ఒక ఇంటికి వంటగది గోడ ఒక్కటే మిగిలింది, దాని మీద గిన్నెల అలమర అలాగే ఉంది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని చూపించి మాట్లాడమన్నారు మురళీకృష్ణ గారు. నా వంతుకు వచ్చింది సుబ్బాయమ్మ.

అరవై దాటిన మనిషి. పొట్టి. నలభై అయిదేళ్ళు చేపల గంప మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఇసకలో పాత వల పరిచి నెత్తళ్ళు, సన్న చేపలు, ఎండబెడుతోంది. కాలేజీ పిల్లలు ప్రశ్నలడగడానికి వచ్చారంటే విసుక్కోలేదు సరికదా, "ఎండలో నిలబడ్డారేంటి అమ్మాయిగారూ, ఇటు నీడలోకి రండి" అని తాను కూర్చున్న గోనెసంచి నాకు వేసి, తను ఇసకలో కూర్చుంది.

"మీ ఇల్లెక్కడ మామ్మా?" అని మొదలెట్టాను.

ఆవిడ ఊరి వైపు చూపించలేదు. నీళ్ళ వైపు చెయ్యి చాపింది.

"ఏ ఇల్లండి? మా పుట్టిల్లయితే అదిగో, ఆ నల్ల నావ ఆగింది చూడండి, దానికింకా లోపల. అత్తోరిల్లు ఈ పక్క, అల ఇరిగే చోట. తర్వాత మేం కట్టుకున్నది ఇంకాస్త ఇవతల. మొన్న దీపావళి ముందు పోయింది ఇక్కడేనండి, మీరు కూకున్న చోటికి ఇరవై అడుగులుంటది."

ఇలా ఒక మనిషి తన బతుకంతా నీళ్ళ మీద వేలు పెట్టి చూపించడం నేను అంతకు ముందు ఎరగను. ఆవిడకి పదిహేనో ఏట లోవరాజుతో పెళ్ళయింది. ఆయన సముద్రం మీద చేపల వేట చేస్తాడు, ఈవిడ అమ్ముతుంది. గంప వాసనొస్తుందని బస్సెక్కనిచ్చేవారు కాదు కాబట్టి ఇరవై ఏళ్ళు పిఠాపురం దాకా నడిచే వెళ్ళింది, చేపలు మెత్తబడకముందే చేరాలని సగం దూరం పరుగు. ఏ వీధిలో ఏ ఇంటివాళ్ళు కానాగంత చేపలు తింటారో, ఎవరు సావడాలే కావాలంటారో, ఎవరు బేరమాడి ఆఖరికి కొనరో అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఒకసారి ప్లీడరుగారి భార్య కుళ్ళిన చేప ఇచ్చావంటే, అదే చేప అక్కడే కోసి, వాళ్ళ పొయ్యి మీదే వండి, వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని తిని చూపించి వచ్చిందట. "మాట పడలేనండి, ఆకలైనా పడతాను గానీ" అంది నవ్వుతూ.

సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా వీళ్ళు ఇల్లు వెనక్కి జరుపుకున్నారు. మూడుసార్లు. ఈసారి వెనక రోడ్డు వచ్చేసింది. రోడ్డు అవతల భూమి వేరేవాళ్ళది. ఇక జరగడానికి చోటు లేదు. అక్క కూతురు లోవలక్ష్మి ఇంటి అరుగు మీద టార్పాలిన్ కట్టుకుని ముసలాయనా ఈవిడా ఉంటున్నారు. వాన పడితే ఇద్దరూ కూర్చునే తెల్లవారుస్తారు. లోవలక్ష్మి మొగుడు ఉగాది వెళ్ళాక అరుగు ఖాళీ చెయ్యమన్నాడు. మర్యాదగానే అన్నాడట.

"ఏం పరవాలేదండి, ఉగాదికి మాకు పట్టా ఇచ్చేస్తారు" అంది సుబ్బాయమ్మ. సముద్రపు కోతలో ఇళ్ళు పోయిన నలభై ఒక్కమందికి రెండేసి సెంట్ల స్థలం ఇస్తారని, జాబితా రాశారని, అందులో తన పేరు పదిహేడోదని, కరణంగారు మైకులో చదివితే చెవులారా విన్నానని చెప్పింది. మా ఇంటి వెనక కొబ్బరి డొక్కలు పడేసే చోటే అయిదు సెంట్లుంటుంది. ఆవిడకి రెండు సెంట్లు అంటే ముసలాయన కాళ్ళు చాపుకుని పడుకోవడం.

"ఇల్లు కూలిపోయినప్పుడు ఎలా జరిగింది మామ్మా?" అని అడిగాను.

"కూలిపోవడమేంటి అమ్మాయిగారూ, ఇచ్చేశాం" అంది ఆవిడ. "ముందురోజే తెలిసిపోద్దండి, గోడ కింద ఇసక జారతా ఉంటది. తలుపులూ దూలాలూ పెంకులూ ఇప్పేసుకున్నాం. గుమ్మానికి పసుపు రాసి, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తల్లీ నీకే అనేశాం. గంగమ్మకి ఇచ్చేశామండి."

ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయని అబద్ధమాడను. హెడ్డింగు దొరికిందనుకున్నాను.

ఆ పేటలో ఎవరూ సముద్రాన్ని పల్లెత్తు మాట అనరు. మగవాళ్ళు వేటకెళ్ళే ఇళ్ళల్లో ముంచింది, కూల్చింది, మింగింది అనే మాటలు నోట రావు. వల పోతే తల్లి తీసుకుందంటారు, ఇల్లు పడితే తల్లికి ఇచ్చామంటారు. కోపమొస్తే దేవుణ్ణయినా తిడతారు గానీ ఆవిణ్ణి తిట్టరు, ఎందుకంటే రేపు తెల్లారుజామున మళ్ళీ ఆవిడ మీదికే వెళ్ళాలి. ఈ సంగతి సుబ్బాయమ్మే చెప్పింది, నేను రాసుకున్నాను, వార్త చివర నాలుగు వాక్యాల్లో పెట్టాను కూడా.

పత్రికాఫీసులో మా అందరి రాతలూ చూసి నాది బాగుందన్నారు. జిల్లా పేజీలు చూసే ఆయన ఎర్ర పెన్ను తీసుకుని, చోటు చాలదని ఆఖరి నాలుగు వాక్యాలూ కొట్టేశారు. "ఇల్లు గంగమ్మకి ఇచ్చేశాం" అని పెద్దక్షరాల్లో పెట్టి, దాని కింద "నవ్వుతూ చెబుతున్న సుబ్బాయమ్మ" అని చేర్చారు. నవ్వింది నిజమే. ఫొటో తీసేటప్పుడు నవ్వమని మేమే చెప్పాం. "ఏమ్మా సత్యశ్రీ, పరీక్షలవగానే వచ్చి ట్రైనీగా చేరిపో" అన్నారాయన. కొట్టేసిన నాలుగు వాక్యాల మాట నేను ఎత్తలేదు. నోటి దగ్గర కూడు పెట్టి పేరు పెట్టి పిలిచినవాడిని ఎవరు ఎదిరిస్తారు?

మార్చిలో మండల ఆఫీసుకి వెళ్ళాం. మాది ఆత్రేయపురం పక్క ఊరు కాబట్టి, ఎమ్మార్వో గారికి ఇవ్వడానికి మా అమ్మ చేత పూతరేకులు చేయించి తెమ్మన్నారు మురళీకృష్ణ గారు. తెచ్చాను. ఎమ్మార్వో గారు ఒకటి విప్పుకుని తింటూ, "ప్రభుత్వమంటే ఏంటో చూడాలంటే ముందు ఫైలు చూడాలమ్మా, మా జీవరాజు గారు చూపిస్తారు" అని మమ్మల్ని పక్కగదిలోకి పంపారు. బయట షామియానా వేశారు. పదకొండున్నరకి ఎమ్మెల్యే గారు వచ్చి పట్టాలు ఇస్తారు. అప్పటికి పదిన్నర.

జీవరాజు గారు సీనియర్ అసిస్టెంటు. ముక్కు మీద కళ్ళజోడు, చెవిలో పెన్సిలు. పాఠం చెప్పడమంటే సరదా ఉన్న మనిషి. "ఫైల్లో ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు. అంతేనమ్మా ప్రభుత్వం" అన్నారు. నమూనాగా ఉంటుందని ఆ రోజు పంచబోయే పట్టాల ఫైలే తెచ్చి బల్ల మీద పెట్టారు. పేజీకి నంబరు ఎలా వెయ్యాలో, ఒక పేరు చేర్చాలన్నా తియ్యాలన్నా కారణం ఎలా రాయాలో చూపిస్తూ కాగితాలు తిప్పుతున్నారు.

ముప్ఫై ఆరో పేజీలో నా వార్త ఉంది. తెల్లకాగితం మీద నీటుగా అంటించారు. హెడ్డింగు కింద ఎర్ర గీత. "తలుపులు, దూలాలు, పెంకులు విప్పుకున్నాం" అన్నచోట ఇంకో గీత. పక్కన ఇలా రాసి ఉంది: "సదరు లబ్ధిదారు తన ఇంటిని స్వయంగా విప్పుకుని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు పత్రికాముఖంగా ఒప్పుకున్నారు. కావున అనర్హురాలు. క్రమసంఖ్య 17 తొలగించడమైనది."

"ఇది నేను రాసిందండి" అన్నాను. జీవరాజు గారు పొంగిపోయారు. "అరె, ఈ సత్యశ్రీ నువ్వేనా అమ్మా? మంచి ఆధారం దొరికిందమ్మా మాకు. ఉత్తి పుణ్యానికి ఒక పేరు తియ్యాలంటే ఎంత కష్టమో తెలుసా?"

"ఎందుకు తియ్యాల్సొచ్చిందండి?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "నలభై ఒకటికి మించకూడదని ఆర్డరమ్మా. ఇంకొకళ్ళని చేర్చాల్సొచ్చింది. పైనుంచి చెప్పారు." పదిహేడో నంబరు ఎదురుగా ఇప్పుడున్న పేరు భీమరాజు. జనవరిలో మేమందరం గోళీసోడా తాగింది ఆయన కొట్లోనే. రోడ్డు అవతల డాబా, కింద చలవరాయి, పైన డిష్ గొడుగు. పేట ప్రెసిడెంటుగారి వియ్యంకుడు. ఆ డాబా దగ్గరికి సముద్రం రావాలంటే ముందు పేట మొత్తం మునగాలి.

అరికాలి మంట నెత్తికెక్కింది. కరణం మైకులో చదివిన పేరు చెరిపెయ్యడానికి వీళ్ళకి చేతులు రాలేదు, ఒక సాకు కావాలి. ఆ సాకు నేను రాజమండ్రి నుంచి బస్సెక్కి వచ్చి, అక్షరం మార్చకుండా రాసి, ఫొటోతో సహా అందించాను. ఇల్లు పడిపోయే ముందు తలుపు విప్పుకోని వెర్రివాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉంటాడా? ఆ తెలివి కూడా నేరమే అయింది ఆ ఫైల్లో.

మురళీకృష్ణ గారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన ముఖం మాడింది గానీ, వెంటనే సర్దుకున్నారు. "చూడమ్మా, మనం స్టడీ టూర్‌కి వచ్చాం. పరిశీలించాలి, రాసుకోవాలి. జోక్యం చేసుకోకూడదు."

"ఆవిడ కొంపకి నిప్పెట్టేటప్పుడు జోక్యం కాలేదా సార్?" అన్నాను. మేష్టారితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. చదవేస్తే ఉన్నమతి పోయిందంటారు. ఆయన్ని చూస్తే ఆ సామెత ఎవరి కోసం పుట్టిందో తెలిసింది.

బయట షామియానా చివర, ఆఫీసు మెట్ల పక్కన సుబ్బాయమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర, తలకి నూనె. గంప గేటు బయట పెట్టి వచ్చింది, వాసనొస్తుందని ఎవరైనా అంటారని. నన్ను చూడగానే లేచింది. "అమ్మాయిగారూ, మీరు కూడా వచ్చారా. మంచి రోజే వచ్చారు. పేరెప్పుడు పిలుస్తారండి? ఆయన వేటకెళ్ళాడు, లేకపోతే ఆయనా వచ్చేవోడు."

ఆవిడ ముఖం చూసి అబద్ధం చెప్పలేక ఉన్నది చెప్పాను. పేపర్లో మాట పట్టుకుని పేరు కొట్టేశారని, నా వల్లే అని. "ఇచ్చేశాం అంటే వద్దనుకున్నట్టా అండి?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఎమ్మార్వో గదిలోకి తీసుకెళ్ళాను. వెనకాల మా ఇరవై ముగ్గురూ నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మేష్టారు ఆపబోయారు, ఎవరూ వినలేదు.

ఎమ్మార్వో గారు గొంతు పెంచలేదు. మా జిల్లాలో అన్యాయం కూడా "అండీ" అంటూనే చేస్తారు. "కూర్చోండమ్మా. రూలు ప్రకారం మేం చేసింది కరెక్టేనండి. ఆవిడే ఇచ్చేశానంది, మీరే రాశారు, మేం చదివాం. ఇందులో మా తప్పేంటండి?"

"అది వాళ్ళు మాట్లాడే పద్ధతండి. సముద్రాన్ని తిట్టకూడదని అలా అంటారు. మీరు ఈ మండలంలో పని చేస్తున్నారు, ఆ సంగతి మీకు తెలీదా?"

ఆయన గుమ్మంలో కదులుతున్న పెన్నుల వైపు చూశారు. ఆ చూపులో మొదటిసారి ఇబ్బంది కనిపించింది. గడియారం చూసుకున్నారు. "సరేనండి. ఆవిణ్ణి స్టేట్‌మెంట్ ఇమ్మనండి. సముద్రం నా ఇంటిని నాశనం చేసింది, పేపర్లో నేను అన్నది అబద్ధం అని. వేలిముద్ర వేస్తే పేరు చేరుస్తాను. ఎమ్మెల్యే గారు వచ్చేలోపు."

నేను సుబ్బాయమ్మ వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది.

"నాశనం చేసిందని అనలేనండి బాబూ. ఆయన నీళ్ళ మీదున్నాడు ఇప్పుడు. పొద్దున నాలుగింటికి ఎళ్ళాడు. ఆయన ఒడ్డెక్కాక రేపొచ్చి ఏదోకటి సెప్తానండి."

"రేపు లేదమ్మా. ఇవాళ పంచితే అయిపోయినట్టే."

"ఒక్కరోజండి."

"రూలు కాదమ్మా."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నీళ్ళ మీదున్న మొగుడా, రెండు సెంట్ల నేలా అని ఒక మనిషిని కుర్చీలో కూర్చుని అడుగుతున్నారు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద మా అమ్మ చేసిన పూతరేకులున్నాయి. అప్పుడే నాకు ఒక ఉపాయం తట్టింది, ఆ ఉపాయం తట్టినందుకు గర్వంగా కూడా అనిపించింది.

"ఆవిడ అబద్ధమాడానని చెప్పక్కర్లేదండి. నేను అబద్ధం రాశానని రాసిస్తే?" అన్నాను.

ఎమ్మార్వో గారు జీవరాజు గారి వైపు చూశారు. జీవరాజు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కటింగే ఆధారమండి. రాసినావిడే అది తప్పని రాసిస్తే ఆధారం పోయినట్టే. ఆధారం లేకపోతే పదిహేడో పేరు తిరిగి రావాలండి. అయితే చదివి వినిపించి, అవునని ఆవిడ చేత వేలిముద్ర వేయించుకోవాలి."

"సత్యశ్రీ, ఆలోచించమ్మా" అన్నారు మురళీకృష్ణ గారు నా చెవి దగ్గర. "ఈ కాగితం కాలేజీకి పోతుంది, పత్రికకి పోతుంది. అబద్ధాలు రాసే పిల్ల అని ముద్ర పడితే నీకు ఏ పేపర్లోనూ చోటుండదు." ఆయన చెప్పింది నిజమే. తర్వాత అదే జరిగింది. నాకు ఉద్యోగమిస్తానన్న ఆయన ఫోనులో నా గొంతు వినగానే పెట్టేశారు. దానికి నాకు ఏడుపు లేదు, ఆ రోజూ లేదు. తెల్లకాగితం అడిగి తీసుకుని నిలబడే రాశాను. "నేను రాసిన వార్తలో సుబ్బాయమ్మ గారు తన ఇంటిని గంగమ్మకి ఇచ్చేశామని అన్నట్టు ఉన్నది. ఆవిడ ఆ మాట అనలేదు. ఆవిడ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. వార్త ఆకర్షణీయంగా ఉండాలని నేనే కల్పించి రాశాను." కింద సంతకం, తేదీ. నేను ఏదో గొప్ప త్యాగం చేశాననుకుంటున్నాను. ఎంత ఒళ్ళు తెలియనితనమో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

జీవరాజు గారు ఇంకు ప్యాడ్ మూత తీసి సుబ్బాయమ్మ ముందు పెట్టారు. ఆవిడ బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది. ఆయన కాగితం పైకెత్తి, సభలో చదివినట్టు గట్టిగా, విడివిడిగా చదివారు. "ఆవిడ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు" అన్నచోటికి వచ్చేసరికి సుబ్బాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ ముక్క మళ్ళీ చదవండి" అంది.

ఆయన మళ్ళీ చదివారు.

"ఇవ్వలేదని రాశావా పాపా?" అని నా వైపు తిరిగింది. అమ్మాయిగారూ అనడం పోయింది.

"మీ పట్టా కోసం మామ్మా. మీరేం తిట్టక్కర్లేదు, అబద్ధం చెప్పానని కూడా అనక్కర్లేదు. తప్పంతా నా మీద వేసుకున్నాను. వేలిముద్ర వేసెయ్యండి, టైమవుతోంది."

"అన్నాను కదా నేను. నీ ఎదురుగానే అన్నాను. ఇచ్చాను. దీపం పెట్టి ఇచ్చాను."

"తెలుసు మామ్మా, కానీ..."

"నీకేం తెలుసు?" ఆవిడ గొంతు పెరగలేదు, కానీ గది మొత్తం వినిపించింది. "మా పెద్దోడున్నాడు అక్కడ. లోకనాథు. మూడేళ్ళ కిందట తుఫానులో వేట మీదుండిపోయాడు. నావ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ ఇంట్లోనే పెళ్ళి చేశాను వాడికి. ఇల్లూ వాకిలీ లేకుండా నీళ్ళల్లో ఉన్నాడు కదా అని, ఇల్లు పోతందంటే ఏడవలేదు నేను. పోన్లే, వాడికి చేరుద్ది అనుకున్నాను. గంగమ్మకి ఇచ్చానంటే వాడికి ఇచ్చాననే. ఇప్పుడు ఇవ్వలేదని ఏలిముద్ర ఏస్తే, నా కొడుకు దగ్గర ఇల్లు లాక్కున్నట్టు కాదా?"

బయట కారు హారను వినిపించింది, ఎవరో "వచ్చేశారు, వచ్చేశారు" అన్నారు. ఎమ్మార్వో గారు లేచి చొక్కా సర్దుకున్నారు.

"వేస్తారా, వెయ్యరా అమ్మా?"

"ఎయ్యనండి."

"అయితే మీ ఇష్టం. జీవరాజు గారూ, భీమరాజు పేరే ఉంచెయ్యండి." ఆయన ఇంకో పూతరేకు నోట్లో వేసుకుని బయటికి వెళ్ళారు. జీవరాజు గారు ప్యాడ్ మూత పెట్టి, నా కాగితానికి పేజీ నంబరు వేసి ఫైల్లోనే పెట్టుకున్నారు. ఫైల్లోకి వచ్చింది బయటికి పోదట.

సుబ్బాయమ్మ మెట్లు దిగి గేటు దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. గంప నెత్తికెత్తబోతే ఆవిడ వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే ఎత్తుకుంది. మైకులో మొదటి పేరు పిలుస్తున్నారు. క్షమించమని అన్నాను. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు, ఏడుస్తూ అన్నాను. ఆవిడ ఆగి, గంప కింద నుంచి నన్ను చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు ఆ రోజు మా దగ్గర పొద్దుటి నుంచి మధ్యాన్నం దాకా కూకున్నావు పాపా" అంది. "ఎన్నెన్నో అడిగావు, అన్నీ రాసుకున్నావు. పిల్లలెంతమంది అని ఒక్కమాట అడిగావా?"

అడగలేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని కూడా మనవాళ్ళు ముందుగా అడిగేది ఆ ప్రశ్నే. నా నోట్‌బుక్కులో పంతొమ్మిది ప్రశ్నలున్నాయి, అది లేదు.